నలుగురి చేతి దాణా

ఎర్రావు నెమరు వేస్తుంటే సంజీవరావు లెక్కపెడతాడు. అది ఆయనకు ఎవరూ నేర్పలేదు, ఆయనా ఎవరికీ చెప్పలేదు. పొలం నుంచి రాగానే గాటిపాక ముందున్న నాపరాయి మీద కూర్చుంటాడు. ఆవు గొంతులో ముద్ద పైకి పాకిన దగ్గర్నుంచి మళ్ళీ కిందికి జారేదాకా దవడ ఎన్నిసార్లు ఆడిందో చూస్తాడు. ఒళ్ళు బాగున్న ఆవు ముద్దకు యాభైసార్లకు అటూ ఇటూగా నములుతుంది. ఆ మంగళవారం ముప్పై ఒకటి దగ్గర ఆగిపోయింది. తర్వాతి ముద్దకు ఇరవై ఆరు. ఆ తర్వాత ముద్దే రాలేదు. ఆవు మెడ చాచి ఎదురుగా ఉన్న మట్టిగోడను నాకడం మొదలుపెట్టింది.

లేచి వెనకవైపు వెళ్ళి పేడ చూశాడు. పలచగా, గోడకు చిందేటట్టు పోసింది. దాణా పలుకులు పలుకులుగానే బయటికి వచ్చాయి. ఉచ్చ వాసనకు కళ్ళు మండాయి. గాట్లో పొద్దున వేసిన జొన్నచొప్ప సగానికి సగం అలాగే పడి ఉంది.

రెండు వారాల కిందట బాగు చేసుకున్న ఆవు ఇది. అందుకే ఆయనకు అంత విసుగు.

ఎర్రావు ఈనేటప్పుడు దూడ అడ్డం తిరిగింది. సంజీవరావు భార్య సౌభాగ్యమ్మ పాక బయట మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసింది. దూడా తల్లీ దక్కాయి. ఆ బుధవారం స్త్రీల కూటంలో ఆమె లేచి నిలబడి మొక్కుబడి చెప్పింది. కోత పండగనాడు గుడిలో ప్రేమవిందుకు వండే పాయసానికి పాలన్నీ తన ఆవువేనని, పది లీటర్లని, బయటి పాలు చుక్క కూడా కలవనీయనని. అక్కడితో ఆగినా సరిపోయేది. ఆదివారం పాస్టరుగారు ఆ మాట మైకులో చదివాడు. ఏటా ఆ పాలు పోసే రోజీ ఈ ఏడు పోయనక్కరలేదని కూడా చదివాడు. రోజీకి రెండు గేదెలున్నాయి. ఆరాధన అయ్యాక మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ, అయిదు లీటర్ల ఆవుకు పది లీటర్ల మొక్కుబడి ఎట్లా పొసుగుతుందో దేవుడికే తెలియాలని నలుగురూ వినేటట్టు అంది.

పండగ నెల రోజులుంది. రోజీ అన్నది నిజమే, ఎర్రావు రోజుకు అయిదు లీటర్లే ఇచ్చేది. వానలు వెనకబడ్డ ఏడాది, పచ్చిమేత లేదు, తిన్నదంతా నిరుటి జొన్నచొప్ప. పేడ ఎండిన ఉండల్లా పడేది, గాట్లో దంట్లు మిగిలేవి. సంజీవరావు ఒక రోజంతా చూసి, బస్సెక్కి కొమరోలు పశువుల ఆసుపత్రికి పోయి డాక్టరు హైమావతికి ఆ సంగతి చెప్పాడు. ఆమె దాణా రాసిచ్చింది. పాలపొడి డబ్బాతో పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, రెండూ కలిపి కిలో. చొప్ప మాత్రం తిన్నంత. రెండు వారాలు చూసి ఆ తర్వాత అర డబ్బా పెంచవచ్చు.

దాణా గిద్దలూరులో ఫణికృష్ణ దుకాణంలో కొన్నాడు. ఫణికృష్ణ నాలుగో తరం వ్యాపారి, మాటల పోగు. నూనె తీసిన చెక్కలు, గింజలు కలిపి ఆడించిన ప్రోటీను దాణా అని చెప్పి, యాభై కిలోల మూట ఆటోలోకి వేయిస్తూ, "సంజీవన్నా, దీన్ని నువ్వు తిన్నా చేపుతావు. పిండేవాళ్ళుండాలంతే," అన్నాడు. సంజీవరావు నవ్వలేదు. మూట కుట్టు సరిగా ఉందా లేదా చూసుకున్నాడు.

దాణా పని చేసింది. అది పాల కంటే ముందు గాట్లో కనపడింది. నాలుగో రోజుకే దంట్లతో సహా చొప్ప ఊడ్చి తినేసింది, ఇంకా వెయ్యమని తల ఎత్తి చూసింది. పేడ మెత్తబడి మడతలు మడతలుగా పడింది. ఎనిమిదో రోజుకు పాలు ఏడు లీటర్లు. ఆ రోజు సౌభాగ్యమ్మ పాల క్యాను పట్టుకుని కావాలని రోజీ ఇంటి ముందునుంచి చుట్టూ తిరిగి వచ్చింది.

ఆ ఏడు లీటర్లు ఇప్పుడు నాలుగయ్యాయి.

సంజీవరావు మూట దగ్గరికి పోయాడు. పద్నాలుగు రోజులకు పద్నాలుగు కిలోలు తగ్గాలి. మూట సగానికంటే కిందికి దిగి, ముడతలు పడి, ముసలి గంగడోలులా వేలాడుతోంది. చెయ్యి పెట్టి చూశాడు. ఎలుకలనుకున్నాడు. ఎలుకలైతే సంచి కొరకాలి, చుట్టూ పలుకులు రాలాలి. సంచికి చిల్లు లేదు, నేల శుభ్రంగా ఉంది. ఇంత శుభ్రమైన ఎలుకలను ఆయన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అయినా ఇంట్లో ఎవరినీ అడగలేదు. అడిగితే మాటలు పుడతాయి, మాటలకు జవాబు చెప్పాలి.

బుధవారం చొప్ప మార్చి చూశాడు. ఆవు మూతి తిప్పుకుంది. ఈలోగా ఊళ్ళో ప్రతివాడూ డాక్టరే అయ్యాడు. ఒకడు దిష్టి అన్నాడు, ఒకడు నోట్లో ఆముదం పొయ్యమన్నాడు. ఫణికృష్ణ ఫోనులో ఇంకో రకం పొడి ఉందని, అది కూడా కలిపితే ఎట్లాంటి ఆవైనా లేచి నిలబడుతుందని చెప్పాడు. ఆవు నిలబడే ఉందని చెప్పి సంజీవరావు ఫోను పెట్టేశాడు. పాస్టరుగారు వచ్చి పాక ముందు చాలాసేపు ప్రార్థన చేశాడు. అది ఒక్కటే ఆవుకు కీడు చెయ్యలేదు.

గురువారం పొద్దున గిద్దలూరు నుంచి ఎలుకల జిగురు అట్ట తెప్పించి, మూట మూతి విప్పి, దాణా మీద సరిగ్గా పరిచి, పైన గోనెపట్టా కప్పి కంది చేనుకు పోయాడు. మనసు నిలవక పన్నెండింటికే తిరిగి వచ్చాడు. దడి దగ్గరికి వచ్చేసరికి పాకలో మాటలు వినపడ్డాయి. ఆయన తల్లి మగ్దలీనమ్మ గొంతు, కోడలు వందన గొంతు. అక్కడే ఆగాడు.

"మెల్లగ లాగమ్మే, తోలు ఊడొస్తాది."

"లాగుతానే ఉండా. నీ చెయ్యి మూటలోకి ఎందుకు పోయినాదో ముందు అది చెప్పవ్వా."

"ఎందుకు పోతాది. మూగజీవం. మీ మామ మందు పోసినట్టు డబ్బాతో కొలిచి పెడతాడు. ఒక డబ్బాకే అన్ని పాలు పెరిగినాయి గదా, ఇంకో పిడికెడు పడితే నా కోడలు మొక్కుబడి తీరుతాదని, మధ్యాన్నం పూట రెండు దోసిళ్ళు ఏస్తాన్నా."

"నేను కుడితిలో కలుపుతాన్నా గదా," అంది వందన నెమ్మదిగా. "రోజూ. రెండు పూటలా."

పత్తి తీతకు పోయిన సౌభాగ్యమ్మ అదే సమయానికి అన్నానికి ఇంటికి వచ్చింది. వెనక దడి మీదుగా ఈ మాటలన్నీ విందో ఏమో, చేతిలో గిన్నె కింద పెట్టకుండానే మొదలుపెట్టింది.

"మీ ఇద్దరూ అట్ల కుమ్మరిస్తే, నేను పాలు పిండేటప్పుడు ముందర పెట్టే డబ్బా ఏ కడుపులోకి పోవాల?"

పాకలో ఆవు ముక్కుతూ ఊపిరి తీసింది. సంజీవరావు తల వంచి దడి దాటి లోపలికి వచ్చాడు. తల్లి కుడి అరచేతికి అట్ట అతుక్కుని ఉంది. ఆ అట్టకు వందన గాజులు, కొంగు చివర, గుప్పెడు దాణా పలుకులు, ఒక కోడిఈక అతుక్కుని ఉన్నాయి. ముగ్గురూ ఆయన వైపు చూశారు.

"ఎలుకలు మూడు పడినాయి," అన్నాడు. "డాక్టరమ్మ రోజుకు కిలోనే పెట్టమంది."

ఆ మాటకు సౌభాగ్యమ్మకు కోపం వచ్చింది. తప్పు బయటపడ్డ కోపం అది, మామూలు కోపం కంటే రెండింతలుంటుంది. డాక్టరమ్మ కొలత చెప్పిందని ఇంట్లో ఒక్కరికైనా చెప్పావా అని అడిగింది. తాము ముగ్గురూ ఆయన పిసినారితనమనుకున్నారట. మొక్కుబడి పోతే గుడిలో తలెత్తుకోలేనిది తనే గానీ ఆయన కాదట. చివరికి గిన్నె కింద పెట్టి, "పెళ్ళినాడు అయ్యగారు అడిగితే అవునన్నావు. మళ్ళ అంత పొడుగు మాట నీ నోట ఇనలే," అంది.

ఆయన పొయ్యి పక్కనున్న కిరసనాయిలు సీసా తెచ్చి తల్లి చేతి మీద కొంచెం కొంచెంగా పోస్తూ కూర్చున్నాడు. అట్ట ఊడేసరికి గంట పట్టింది. ఆ గంటలో తనమీద తనకే ఎక్కువ విసుగు పుట్టింది. ఆవు దవడ ఎన్నిసార్లు ఆడిందో చూస్తాడు గానీ, ఇంట్లో ఎవరి చెయ్యి ఎక్కడికి పోతోందో చూడలేదు. ఆవు నోరు చూసినంతగా మనుషుల నోళ్ళు చూడలేదు.

శుక్రవారం పొద్దుటికి ఎర్రావు ఎడమ డొక్క ఉబ్బింది. కండరాలు సన్నగా అదురుతున్నాయి. ఫోను చేస్తే డాక్టరు హైమావతి తొమ్మిదింటికే స్కూటీ మీద వచ్చింది. డొక్క మీద పిడికిలి ఆనించి చాలాసేపు ఉంచింది. కడుపు నిమిషానికి ఒకటి రెండుసార్లు కదలాలి, ఒక్కసారీ కదలడం లేదంది. పేడ చూసింది, మూట చూసింది, ఆడవాళ్ళ ముఖాలు చూసింది. ఎంత పెట్టారని అడిగితే నలుగురూ నాలుగు దిక్కులు చూశారు. సంజీవరావే వేళ్ళు మడిచి, ఎన్నాళ్ళనుంచో కూడా కలిపి లెక్క చెప్పాడు. తనది కిలో, పాలు పిండేటప్పుడు కిలో, కుడితిలో ముప్పావు, మధ్యాహ్నం దోసిళ్ళు ముప్పావు.

"రోజుకు మూడున్నర. ఎనిమిది రోజులు," అంది ఆమె. "పెద్దాయనా, మీరు ఆవును మేపినామనుకుంటాన్నారు. ఆవు కడుపులో కంటికి కనపడని జీవాలుంటాయి. మీరు మేపేది వాటిని. చొప్పను అరిగించేది అవి."

తర్వాత ఆమె చెప్పింది ఇంటిల్లిపాదీ నిలబడి విన్నారు. వట్టి చొప్ప తింటే ఆ జీవాలకు బలం చాలదు, చొప్ప అరగదు, పాలు రావు. కొంచెం ప్రోటీను పడితే అవి పెరుగుతాయి, చొప్పను బాగా అరగదీస్తాయి, ఆవు ఇంకా చొప్ప తింటుంది, పాలు పెరుగుతాయి. మొదటి వారం జరిగింది అదే. ప్రోటీను మరీ ఎక్కువై చొప్ప తగ్గితే, వాటికి వాడుకునే దారి ఉండదు. మిగిలింది కడుపులో ఘాటైన వాయువై, నెత్తురులో కలిసి, కాలేయం మీద పడి, ఉచ్చలో పోతుంది. పాకలో కళ్ళు మండుతున్నది ఆ దాణాకే. మూటకు మూట నేల మీద పోసినట్టేనంది.

వెనిగర్ కలిపిన నీళ్ళు సీసాతో తాగించింది. సూది వేసింది. మూడు రోజులు చొప్ప, నీళ్ళు తప్ప ఇంకేమీ వద్దంది. నాలుగో రోజున అర డబ్బాతో మొదలుపెట్టాలి. స్కూటీ ఎక్కుతూ, "పెట్టే చెయ్యి ఒకటే ఉండాల," అంది.

సౌభాగ్యమ్మ ఆమె వెంట దడి దాకా పోయి పండగ సంగతి అడిగింది. ఆదివారం కాక పై ఆదివారం. పది లీటర్లు వస్తాయా మేడమ్ అని. ముందు ఆవు బతకనీ అని డాక్టరమ్మ వెళ్ళిపోయింది. ఆ పూట సౌభాగ్యమ్మ అన్నం తినలేదు. రోజీ మెట్ల మీద అన్న మాట ఆమె చెవిలోంచి పోవడం లేదు.

సంజీవరావు వయసులో ఉన్నప్పుడు మార్కాపురంలో పలకల పనికి పోయేవాడు. అప్పుడు తెచ్చుకున్న అంచు విరిగిన పలక ఒకటి అటక మీద ఉంది. దాన్ని దించి, తుడిచి, గాటిపాక స్తంభానికి కట్టి, బలపం దారంతో వేలాడదీశాడు. తర్వాత ముగ్గురినీ పిలిచాడు. ఈ ఇంట్లో ఆయన ముగ్గురినీ కలిపి పిలవడం అదే మొదటిసారి. ఆవుకు ఏది పెట్టినా, పిడికెడైనా, పెట్టినవాళ్ళు గీత గియ్యాలన్నాడు. పెట్టే ముందు పలక చూడాలన్నాడు. రెండు గీతలుంటే ఆ రోజుకు అయిపోయినట్టన్నాడు. అంత మాట్లాడేసరికి ఆయనకు గొంతు ఎండింది. మగ్దలీనమ్మకు చదువు రాదు. గీత గియ్యడం తనకూ వచ్చని చెప్పి, చూపించడానికి ఒకటి గీసింది. అది ఆయన తుడిచెయ్యాల్సి వచ్చింది.

మూడో రోజున డొక్క దిగింది. అయిదో రోజున నెమరు ముప్పై ఎనిమిది. ఎనిమిదో రోజున నలభై నాలుగు. పేడ మళ్ళీ మడతలు పడింది, గాటి ఊడ్చినట్టయింది. సౌభాగ్యమ్మ రోజూ పాలు పిండి, కొలిచి, క్యాను మూత పెట్టేది. అయిదు. అయిదున్నర. ఆరు. దాణా మళ్ళీ మొదలైనప్పటి నుంచి పలక మీద ఏ రోజూ రెండు గీతలే. ఆమె చూపు మూట వైపు పోవడం ఆయన చూశాడు. చెయ్యి పోకపోవడం కూడా చూశాడు.

పండగకు ముందురోజు సాయంత్రం మూడు లీటర్లు, పండగనాటి పొద్దున నాలుగు. మొత్తం ఏడు.

సౌభాగ్యమ్మ క్యాను ముందు కూర్చుంది. తక్కువైన మూడు లీటర్లకు నీళ్ళు కలిపే మనిషి కాదు ఆమె, ఆ సంగతి అందరికీ తెలుసు. గిద్దలూరు బస్సుకు పోతే పాకెట్ పాలు దొరుకుతాయని వందన గొణిగింది. బయటి చుక్క కలవనీయనని నోటితో అన్నాను గదా అని అత్త అంది.

సంజీవరావు ఖాళీ బిందె తీసుకుని బయటికి నడిచాడు. రోజీ ఇంటి ముందు ఆగి, ఆమె చూసేదాకా దగ్గాడు. తనకు ఇష్టం లేని పనుల్లో మనిషిని అడగడం మొదటిది. ఆడమనిషిని అడగడం అంతకంటే ముందు. మూడు లీటర్లు తక్కువ పడ్డాయని చెప్పాడు.

రోజీ పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు. "ఏంది బావా, ఆవుకు మీ ఇంటిల్లిపాదీ దాణా పెట్టినారని ఇన్నా. మీరే తినుంటే పదిహేను ఇచ్చుందురు," అంది. ఇంకా రెండు మూడు అంది. ఆయన బిందె పట్టుకుని అన్నీ విన్నాడు. అవి అయిపోయాక ఆమె లేచి బిందె నింపింది. కొలవలేదు.

గుడిలో ఆరాధన చివర పాస్టరుగారు కానుకల పేర్లు చదివాడు. కందులు, గుమ్మడికాయలు, కోళ్ళు, అరటిగెల. పాయసం పాలన్నీ సౌభాగ్యమ్మ మొక్కుబడి అని చదివి తర్వాతి పేరుకు పోబోయాడు. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న సౌభాగ్యమ్మ లేచి నిలబడింది. ఆయన ఆగాడు.

"ఏడు లీటర్లే మావి," అంది. "మిగిలినవి రోజమ్మవి. మొక్కింది పది. ఇచ్చింది ఏడు. మూడు వచ్చే ఏటికి బాకీ."

ఆమె కూర్చుంది. వెనకనుంచి రోజీ, మూడు కాదు నాలుగు పోశానని గట్టిగా చెప్పింది. జనం నవ్వారు. సౌభాగ్యమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. మగవాళ్ళ వైపు కూర్చున్న సంజీవరావు తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు, కానీ ఎన్నాళ్ళకో ఆయన భుజాలు కిందికి దిగాయి.

విందయ్యాక అందరి కంటే ముందు ఇంటికి వచ్చాడు. మోకాళ్ళ నొప్పులకు మగ్దలీనమ్మ ఆరాధన మధ్యలోనే లేచి వచ్చేసింది. ఆమెకు విస్తరాకులో పాయసం వందన పంపించింది. ఇప్పుడు ఆ విస్తరాకు గాట్లో ఉంది. ఎర్రావు దాన్ని శుభ్రంగా నాకి, అంచు కొరుకుతోంది.

సంజీవరావు పలక చూశాడు. పొద్దుటి గీత ఒకటి ఉండాలి. దాని పక్కన ఇంకొకటి ఉంది, వంకరగా, బలపం విరిగేంత గట్టిగా.

"దాని పాలే గదరా, దానికి రుచి తెలవద్దా," అంది మగ్దలీనమ్మ అరుగు మీద నుంచి. "గీసినా గదా. నువ్వు చెప్పినట్టే."

ఆయన నోరు తెరిచాడు. బియ్యం గురించి, బెల్లం గురించి, అవి కడుపులో ఏం చేస్తాయో, డాక్టరమ్మ ఏం చెప్పిందో, ఎన్నిసార్లు చెప్పిందో, అన్నీ నాలుక మీదికి వచ్చాయి. గీత చూశాడు. గీసింది నిజమే. విస్తరాకు తీసి పారేసి, ఆ సాయంత్రం దాణా డబ్బా మూటలోనే వదిలేసి, నాపరాయి మీద కూర్చున్నాడు.

చాలాసేపటికి ఎర్రావు గొంతులో ముద్ద పైకి పాకింది. ఆయన పెదవులు కదులుతున్నాయి. ముద్ద దిగింది.

"ఎన్నిరా?" అంది తల్లి.

లెక్కపెడతాడని ఆమెకు తెలుసని ఆయనకు తెలియదు. తిరిగి చూశాడు.

"నలభై ఏడు," అన్నాడు. తర్వాత, ఊరుకుంటే ఏం జరుగుతుందో గుర్తొచ్చి, "యాభై ఉండాలమ్మా. యాభై కంటే బాగా తగ్గితే ఏమీ పెట్టగూడదు. వినపడుతోందా? ఏమీ," అన్నాడు.

వినపడిందని ఆమె చెయ్యి ఊపింది. ఆ చేతిలో గిన్నె, గిన్నెలో ఇంకా పాయసం ఉంది.